ఎడమ గొట్టం నానమ్మది

మనుషులు లేని ఇంట్లోంచి మొగుడూ పెళ్ళాల గొడవ వినబడితే, దాన్ని ఏమంటారర్రా?

చెయ్యెత్తి చెప్పండి. అందరూ ఒకేసారి అరిస్తే నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. రేడియోనా? ఆ ఇంట్లో కరెంటే లేదు. దొంగలా? దొంగతనానికి వచ్చినవాళ్ళు పొద్దుగూకేదాకా కూర్చుని పోట్లాడుకుంటారటరా, చిన్నోడా? ఆఁ… పెద్దది సరిగ్గా చెప్పింది. దెయ్యం. అదీ ఒకటి కాదు, జంట.

దగ్గరగా జరగండి. ఆ తొట్టిలో సీసా నానుతోంది, చూశారా? దాని మీద కాగితం మెత్తబడేలోపు కథ అయిపోతుంది. సీసా ఎందుకని ఇప్పుడే అడక్కండి. అది చివరి పాఠం.

ఇది మీ పెద్దమ్మమ్మ కథ… అంటే మా అక్కది. అక్క కాపురానికి వెళ్ళిన కొత్తల్లో జరిగింది. నేను కళ్ళతో చూడలేదు, అక్క చెప్పగా విన్నాను. అక్క ఏం చెప్పినా కొంత తరుగు తీసి నమ్మడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఆ తరుగు తీసేశాకే మీకు చెబుతున్నాను.

అక్క అత్తవారి ఊరికి వెళ్ళే రోడ్డు కొండని చుట్టుకుని ఒకచోట గట్టిగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఒక మేడ ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒకటి. మా బావ వాళ్ళ తాత కట్టించాడు. తాతా, నానమ్మా ఒకరి వెనక ఒకరు పోయాక మిగతావాళ్ళు ఊళ్ళోకి మారిపోయారు. ఇంటికి తాళం పడింది. పై గది కిటికీలో ఒక అద్దం పగిలితే వేయించినవాడు లేడు.

అప్పట్నించీ మొదలైంది.

పగలంతా ఏమీ ఉండదు. మధ్యాహ్నం మేకలు ఆ అరుగు మీదే పడుకుంటాయి. సూర్యుడు కొండ వెనక్కి దిగుతాడు… గాలి చల్లబడుతుంది… చెట్లు ఒకసారి కదిలి ఆగుతాయి… అప్పుడు, పై గదిలోంచి—

ఒక లావు గొంతు. "ఊఁ… ఊఁ…"

దాని మీద పడుతూ ఒక సన్న గొంతు. "ఊహూఁ… ఊహూఁ…"

ఇద్దరూ ఆపరు. ఒకరు తగ్గితే ఒకరు హెచ్చుతారు. దారిన పోయేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు. టైలరు ఒకసారి విని వచ్చి, "చేతులు పొట్టయ్యాయి, విప్పి మళ్ళీ కుట్టు" అని ఆవిడ అరిచిందని ఒట్టేసి చెప్పాడు. బడిపంతులుకేమో ఆ పెద్దాయన ఎక్కాలు తప్పు చదువుతున్నట్టు వినబడిందట. ఎవరి తలనొప్పి వాళ్ళకి వినబడింది. పాఠం మధ్యలో చెబుతున్నాను, గుర్తుంచుకోండి: భయపడ్డ చెవికి అన్నీ తెలిసిన మాటలే వినబడతాయి.

కానీ అక్క అత్తవారింట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. ఆ గొడవ దేని గురించో వాళ్ళకి తెలుసు.

నక్క గురించి.

తాతకి ఒక తుపాకి ఉండేది. జోడు గొట్టాలది. పక్కపక్కన రెండు గొట్టాలు, వాటికి రెండు ట్రిగ్గర్లు. ఒకటి నొక్కితే కుడి గొట్టం పేలుతుంది, రెండోది నొక్కితే ఎడమది. తాత బాగా గురి చూసేవాడు. నానమ్మ ఇంకా బాగా చూసేదట. ఒక రాత్రి కోళ్ళ గూటి దగ్గరికి నక్క వచ్చింది. చీకట్లో ఇద్దరూ ఒకే తుపాకి మీద పడ్డారు. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనించే వెనక కొయ్య, తాత భుజాన ఉంది, వేళ్ళు మాత్రం ఇద్దరివీ ఉన్నాయి. రెండు గొట్టాలూ పేలాయి. ఒక దెబ్బకి నక్క పడింది. ఇంకో దెబ్బకి నీళ్ళ తొట్టి పగిలింది.

నక్క ఎవరిది, తొట్టి ఎవరిది?

అదీ గొడవ. బతికున్నన్నాళ్ళూ తేలలేదు. చివరికి వాటాలు పంచుకున్నారు: కుడి గొట్టం తాతది, ఎడమ గొట్టం నానమ్మది. ఆయన కుడిది తుడిచేవాడు, ఆవిడ ఎడమది తుడిచేది. ఆవిడ గొట్టాన్ని ఆయన ముట్టుకుంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అలా అలా అది ఇంటి ఆచారమైపోయింది. తుపాకి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళినప్పుడు, ఇంటి కొడుకు కుడిది పేల్చాలి, ఇంటి కోడలు ఎడమది పేల్చాలి. మగవాడు ఎడమ గొట్టం జోలికి పోకూడదు.

తుపాకి ఆ మేడ మీదే ఉండిపోయింది. గోడకి కొయ్య చట్రం, దాంట్లో నిలువుగా నిలబెట్టి, ట్రిగ్గర్ల చుట్టూ ఉండే కమ్మీలోంచి గొలుసు వేసి తాళం. ఖాళీ ఇంట్లో తుపాకి ఉంచడం తెలివైన పని కాదు. మీరు పెద్దయ్యాక అలా చెయ్యొద్దు. వాళ్ళ ధైర్యమేమిటంటే, ఆ గొడవ వినబడే ఇంట్లోకి దొంగ కాదు కదా పిల్లి కూడా వెళ్ళదు. నిజమే, అంతకన్నా తక్కువ ఖర్చులో కాపలా దొరకదు.

మామగారు పోయాక తుపాకి బావకి వచ్చింది. లైసెన్సు మార్పించుకున్నాడు, అదంతా సక్రమమే. బావకి ఫోటో స్టూడియో ఉండేది. మీకు తెలుసుగా మీ పెద్దతాత సంగతి: ఏ వస్తువైనా బయటికి ఎలా కనబడుతుందన్నదే ఆయన లెక్క. చిరిగిన చొక్కా అయినా ఫోటోలో కనబడని వైపు చిరిగితే కొత్తదే. తుపాకి బాగు చేయిస్తాననీ, ఆదివారం తోట వెనక మట్టిగట్టు దగ్గర తనొక దెబ్బా భార్య ఒక దెబ్బా పేలుస్తారనీ, దాన్ని ఫోటో తీసి స్టూడియో అద్దంలో పెడతాననీ ఊరంతా చెప్పుకున్నాడు.

అక్క అత్తగారి దగ్గరికి పరిగెత్తింది.

"అత్తయ్యా, నాకు టపాకాయలంటేనే భయం" అంది.

అత్తగారు వక్క కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు. "నాకు బొద్దింకలంటే భయం. అయినా పేల్చాను. మా అత్తగారు అలా చూస్తుంటే పేల్చక చస్తానా?"

"ఆవిడ లేరు కదా ఇప్పుడు."

"లేరని ఎవరన్నారు? సాయంత్రం అటు వెళ్ళి విను."

చూశారా, ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా అత్త భయం మా అక్క అత్తగారికి పోలేదు. ఎడమ గొట్టం పేల్చాల్సింది కోడలే, వేరే దారి లేదు. ఆ తుపాకి మడమ అక్క భుజానికి ఆనాలి, అక్క చెంప దాని మీద వాలాలి. నానమ్మకి ఇష్టం లేకుండా పేలిస్తే ఏమవుతుందో, అది అక్కకి పట్టుకున్న బెంగ. అన్నం సహించేది కాదు.

బావ మాత్రం ఉత్సాహంగా పనిలో దిగాడు. తుపాకి మడమని విప్పి, బస్తీలో తుపాకులు బాగు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనొక చిరచిరలాడే మనిషి. లోపలి స్ప్రింగులు మార్చాడు, కొయ్యలో చీలిక అతికాడు.

"గొట్టాలేవీ?" అన్నాడు.

"గొట్టాలు ఇల్లు కదలవండీ. మా ఇంటి పద్ధతి."

"పళ్ళు ఇంట్లో పెట్టి మొహం మాత్రం డాక్టరుకి చూపిస్తావా? గొట్టాలు చూడకుండా పేల్చకు."

"నేను చూసుకుంటాను లెండి."

చూసుకున్నాడు. పగటిపూటే, గాలి లేనప్పుడు మేడెక్కి, తుప్పు పట్టినచోట నూనె రాసి సన్న ఇనుప పీచుతో మెల్లగా రుద్దాడు. కొయ్యకి నూనె పట్టించి అరచేత్తో అద్దంలా మెరిపించాడు. కడ్డీకి గుడ్డ చుట్టి కుడి గొట్టంలో అటూ ఇటూ తోసి, వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు. లోపల వెండిలా తళతళ.

మరి ఎడమది?

దాని వెనక వైపు ఒక చేతిరుమాలు మడిచి కప్పాడు. శుభ్రం చేస్తున్నంతసేపూ కప్పే ఉంచాడు. దాంట్లోకి కన్ను పెట్టడమంటే నానమ్మ గదిలోకి తొంగిచూసినట్టు ఉంటుందట. అంత మర్యాదస్తుడు.

నవ్వకండి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది, అది అప్పటికి ఎవరికీ తెలియదు.

శనివారం వచ్చింది. మడమ మళ్ళీ బిగించి చట్రంలోనే తాళం వేసి ఉంచిన తుపాకిని కిందికి తేవాలి. బావ స్టూడియో మూసి బయల్దేరేసరికి పొద్దు వాలింది.

"ఏమే, నువ్వూ రా. లాంతరు పట్టుకుందువుగాని."

"నాకు భయం."

"నేనున్నాగా."

"అందుకే" అంది అక్క. అయినా శాలువా కప్పుకుని వెళ్ళింది.

వంపు తిరిగేసరికి సూర్యుడు కొండ దాటేశాడు. గాలి దిగింది. తలుపు తాళం తీశారు. లోపల దుమ్మూ, గబ్బిలాల వాసనా. మెట్ల కింద నిలబడ్డారో లేదో—

"ఊఁ… ఊఁ…"

బావ ఆగాడు.

"ఊహూఁ… ఊహూఁ…"

"వినబడుతోందా?" గుసగుసగా అడిగాడు బావ.

"వినబడకపోవడానికి నాకేమైనా చెవుడా?"

"నేను పైకెళ్ళి తెస్తా. నువ్వు ఇక్కడే ఉండు."

ఎక్కాడు. మెట్లు కిర్రుమన్నాయి… పైన అడుగుల చప్పుడు… ఆగింది. లావు గొంతు ఒక్కసారి పెద్దదైంది. ఆ తర్వాత అడుగులు చాలా వేగంగా కిందికి వచ్చాయి.

బావ వచ్చి అక్క వెనక నిలబడ్డాడు. ముందు కాదు, వెనక.

"ఏమైంది?"

"తాళంచెవి తిరగట్లేదు. రేపు పొద్దున్న వద్దాం."

"మీ మొహం మీద ఆ చెమటేంటి?"

"పైన ఉక్కగా ఉంది."

అక్క ఆయన మొహం చూసింది. మెట్ల వైపు చూసింది. తర్వాత నాతో అంది: "ఆయన మెట్లు దిగడం చూశాక నాకు భయం కన్నా కోపం ఎక్కువైందే. రేపు ఆ తుపాకి చెంపకి ఆనించుకోవాల్సింది నేను. ఆవిడకి ఇష్టమో కాదో అడగాల్సింది కూడా నేనే కదా అనుకున్నా."

తాళంచెవి లాక్కుంది. లాంతరు ఎత్తి పట్టుకుని ఎక్కింది.

పై గదిలో వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది. కిటికీ… పగిలిన అద్దం… దాని పక్కనే, అద్దం ఖాళీకి సరిగ్గా ఎదురుగా గొట్టాల మూతులు వచ్చేలా, చట్రంలో తుపాకి. మనుషులెవ్వరూ లేరు. గొంతులు మాత్రం ఉన్నాయి. ఇద్దరూ అక్కకి చెయ్యి చాచినంత దూరంలో ఉన్నారు.

అక్క నోరు తెరిచింది.

"నానమ్మగారూ… నేను మీ మనవడి పెళ్ళాన్ని. రేపు మీ గొట్టం నన్ను పేల్చమంటున్నారు." ఊపిరి తీసుకుంది. "మీకు… సమ్మతమేనా?"

సన్న గొంతు సాగదీసి అంది.

"ఊహూఁ…"

లాంతరు చేతిలోంచి జారలేదు, అదే ఎక్కువ. కళ్ళ నీళ్ళు తిరిగాయి. "వద్దంటే మీ కోడలికి మీరే చెప్పండి నానమ్మగారూ, నా మాట ఆవిడ వినరు" అంటూ దణ్ణం పెట్టడానికి వంగింది. వంగినప్పుడు భుజం మీది శాలువా జారి తుపాకి మూతుల మీద పడింది.

నిశ్శబ్దం.

తాత లేడు… నానమ్మ లేదు… గాలి మాత్రం ఉంది, ముంగురులు కదులుతూనే ఉన్నాయి.

అక్క శాలువా లాగింది.

"ఊఁ… ఊహూఁ…"

కప్పింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. అంచు పట్టుకుని ఎడమ మూతి మీద మాత్రమే కప్పింది. తాత ఒక్కడే మిగిలాడు. కుడి మూతి మీదికి మార్చింది. తాత ఆగాడు, నానమ్మ అందుకుంది.

మెట్ల వైపు తిరిగి అక్క మామూలు గొంతుతో పిలిచింది. "ఏమండీ. పైకి రండి. నానమ్మ దొరికింది."

అర్థమైందా? పెద్దదానా, నీ పెన్ను మూత ఇలా తీసుకురా. మూతి అంచు మీదుగా ఊదు. లోపలికి కాదు, అంచు మీదుగా. ఆఁ… కూసిందా? ఒక చివర మూసి ఉన్న గొట్టం ఏదైనా అంతే. తుపాకి వెనక వైపు మూసే ఉంటుంది, ముందు మూతి తెరిచి ఉంటుంది. కొండ మీంచి సాయంత్రం దిగే గాలి ఆ పగిలిన అద్దంలోంచి వచ్చి రెండు మూతుల మీదుగా పోయేది. ఇన్నేళ్ళూ ఊరిని పరిగెత్తించినది ఆ ఈల.

ఇంకొకరైతే అక్కడితో నవ్వుకుని తుపాకి భుజాన వేసుకుని ఇంటికొచ్చేవాళ్ళు. బావ అదే పని చెయ్యబోయాడు. "నేను ముందే అనుకున్నా, గాలేనని" అన్నాడు కూడా.

అక్క కదల్లేదు.

"ఏమండీ, రెండు గొట్టాలూ ఒకటే పొడుగు కదా?"

"ఒకటే."

"లావూ ఒకటే?"

"కవల పిల్లలే. ఎందుకు?"

"మరి తాతది లావు గొంతూ, నానమ్మది సన్న గొంతూ ఎందుకయ్యాయి?"

బావ అక్కని జాలిగా చూశాడట. "మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ గొంతులు ఒకేలా ఉంటాయటే?"

అక్క ఆ జవాబుని ఆయన చనిపోయేదాకా ఆయనకి గుర్తుచేస్తూనే ఉంది.

"తుపాకి తెరవండి" అంది.

"ఎడమది చూడకూడదే."

"మీరు చూడకండి. కళ్ళు మూసుకోండి. నేను కోడల్ని, నేను చూస్తాను."

గొలుసు తీశారు. అక్కకి అప్పటికి తుపాకి సంగతి ఏమీ తెలియదు. కానీ తెలియకపోవడమే ఆవిడ చేత సరైన పని చేయించింది: దాన్ని నిండా తూటాలున్న తుపాకిలాగే చూసింది. మూతులు కిటికీలోంచి ఆకాశం వైపే ఉండేలా పట్టుకోమంది. ట్రిగ్గర్ల దగ్గర వేలు పెట్టనివ్వలేదు. మడమ దగ్గర వంచి గొట్టాల వెనక వైపు తెరిచాక, ముందు తూటాలు లేవని వేలితో తడిమి చూసుకుంది. ఆ తర్వాతే వెనక వైపు నుంచి కన్ను పెట్టింది.

కుడి గొట్టంలో చివర గుండ్రంగా ఆకాశం, బొట్టుబిళ్ళంత.

ఎడమ గొట్టంలో… చీకటి.

లాంతరు దగ్గర పెట్టినా చీకటే. కడ్డీ దూర్చింది. సగం దూరం సాఫీగా పోయింది. టక్. ఆగిపోయింది. గట్టిగా పొడిస్తే కొసకి ఎండిన మట్టి అంటుకుని వచ్చింది, దాంతో పాటు ఒక ఎండిపోయిన రెక్క.

మట్టితో గూడు కట్టే కందిరీగలు మీకు తెలుసుగా, కిటికీ రెక్కల సందుల్లో కడతాయి. వాటిలో ఒకటి ఏ కాలంలోనో ఆ మూతిలోంచి లోపలికి దూరి, గొట్టం మధ్యలో గోడ కట్టింది. ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుంటూ పోయాయి. గట్టిపడి ఇటుకైంది. అందుకే ఎడమ గొట్టం గాలి లెక్కకి పొట్టిది. పొట్టి గొట్టానికి సన్న గొంతు. నానమ్మ గొంతు అది.

ఇప్పుడు మీరు చెప్పండి. అలా మట్టితో బిగుసుకుపోయిన గొట్టంలో తూటా పెట్టి పేలిస్తే ఏమవుతుంది?

…ఆఁ. ముందుకి దారి లేకపోతే ఆ మంట ఆగదు కదా. ఇనుమునే చీల్చుకుని వస్తుంది. చీలే చోటికి కింద అక్క ఎడమ చెయ్యి ఉంటుంది, వెనకే అక్క కళ్ళు ఉంటాయి.

బావ కళ్ళు తెరిచి ఆ మట్టి చూశాడు. మెట్ల మీద కూలబడి, "నేను రుమాలు కప్పానే" అన్నాడు. "నా చేత్తో కప్పాను."

అక్క ఆయన పక్కన కూర్చుంది. "అడిగితే నానమ్మ ఊహూఁ అందండీ" అంది. "విన్నారుగా."

అది గాలే. నేను సైన్సు పాఠం చెప్పినదాన్ని, నాకు తెలుసు. కానీ ఆ ఒక్కసారికి ఆ గాలి సరైన జవాబే చెప్పిందని ఒప్పుకుంటాను.

ఈసారి తుపాకి ముక్కలుగా విడదీసి, గొట్టాలతో సహా బస్తీకి వెళ్ళింది. అత్తగారు అడ్డుపడతారనుకున్నారు. ఆవిడ ఆ మట్టిపెళ్ళ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నేను పేల్చినప్పుడు ఇది లేదు" అని మాత్రం అన్నారు. మళ్ళీ, "నేను కూడా తొంగిచూడలేదు" అన్నారు. ఆ తర్వాత వారం రోజులు కోడలికి కాఫీ ఆవిడే కలిపి ఇచ్చారట.

చిరచిరలాయన మట్టి తవ్వి తీశాడు. "పళ్ళు తెచ్చావా ఇప్పుడు?" అన్నాడు. గొట్టం లోపల కొలిచాడు, తట్టి విన్నాడు. అదృష్టం, మట్టి కింద తుప్పు పైపైనే ఉంది. అయినా ఆయన ఊరికే ఇవ్వలేదు. తుపాకిని ఒక పాత టైరుకి కట్టి, ట్రిగ్గరుకి దారం కట్టి, అందరినీ గోడ చాటుకి పంపి, దూరం నుంచి లాగి పేల్చాడు. రెండుసార్లు, రెండు గొట్టాలూ. మళ్ళీ విప్పి చూసి, అప్పుడు చేతిలో పెట్టాడు. బాగు చేసిన పాత తుపాకిని మొదట పేల్చాల్సింది మనిషి భుజం మీంచి కాదర్రా, టైరు మీంచి.

ఇంకో ఆదివారం వచ్చింది. మట్టిగట్టు మీద నూనె డబ్బా ఒకటి పెట్టారు. గట్టు వెనక ఏముందో ముందు నడిచి వెళ్ళి చూసి వచ్చారు. చెవుల్లో దూది, కళ్ళకి అద్దాలు. తూటాలు అత్తగారి చేతిసంచిలో, ఒక్కొక్కటే అడిగినప్పుడు ఇచ్చేవారు. తూటా పెట్టే ముందు ప్రతిసారీ అక్క గొట్టంలోకి తొంగిచూసింది. బావ కూడా తొంగిచూశాడు, ఎడమదాంట్లోకి కూడా. "క్షమించు నానమ్మా" అనుకుంటూ చూశాడట.

బావ కుడిది పేల్చాడు. గట్టు మీద దుమ్ము లేచింది. డబ్బా కొంచెం ఊగినట్టుంది, పడలేదు.

అక్క ఎడమది పేల్చింది. డబ్బా ఎగిరి పడింది.

అత్తగారు చప్పట్లు కొట్టారు. బావ తుపాకి తీసుకుని, తెరిచి, ఖాళీ తూటా తీసేసి, చాలా ప్రశాంతంగా అన్నాడు: "నా దెబ్బకే అది పక్కకి ఒరిగిపోయింది. నువ్వు పేల్చకపోయినా పడేది."

"ఏమన్నారూ?"

"పడబోతున్నదాన్ని పడేశావు, అంతే అంటున్నా."

ఇక చెప్పేదేముంది?

తుపాకి ఇనుప బీరువాలోకి వెళ్ళింది. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. పగిలిన అద్దం వేయించారు. దెయ్యం పోయిందిగా అని, అక్కా బావా ఆ కొండ వంపు ఇంట్లోనే కాపురం పెట్టారు. గాలికి ఊదడానికి గొట్టమే లేదు. సాయంత్రమైతే ఆ ఇల్లు బడి సెలవుల్లో బడిలా ఉండాలి.

కానీ దారిన పోయేవాళ్ళకి వినబడుతూనే ఉండేది. సూర్యుడు దిగగానే, పై గదిలోంచి, ఒక లావు గొంతు. దాని మీద పడుతూ ఒక సన్న గొంతు.

"నా దెబ్బకే ఒరిగింది."

"ఊహూఁ."

ఆ ఇంటి చెడ్డపేరు ఒక్కరోజు కూడా తగ్గలేదు. కొత్తగా వచ్చిన బస్సు కండక్టరు ఆ స్టాపు దగ్గర ఆపడానికే భయపడేవాడు.

పోయినేడు పెద్దతాత పోయాడు. మీకు గుర్తుంది కదూ. అప్పుడు నేను అక్కని ఇక్కడికి రమ్మన్నాను. రానంది.

కొన్నాళ్ళకి అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు, మళ్ళీ రెండు గొంతులూ వినబడుతున్నాయని. నేను ఫోన్ చేసి అడిగాను. అక్క దాచలేదు. పై గది కిటికీ తెరిచి, అక్కడొక పొడుగాటి ఖాళీ సీసా నిలబెట్టిందట. సాయంత్రం గాలికి అది "ఊఁ… ఊఁ…" అంటుంది.

"మరి రెండోది?" అన్నాను.

"రెండో సీసా దేనికే? నా గొంతు నాకుందిగా" అంది. "అది ఊఁ అంటుంది, నేను ఊహూఁ అంటాను. సాయంత్రం గడవాలి కదా."

అందుకే ఈ సీసా. అక్క దగ్గరున్నది కిందటివారం కిటికీలోంచి పడి పగిలిపోయింది. అలాంటిదే కావాలి, పొడుగుదే, లావు గొంతుదే పంపమంది. మీ మావయ్య రేపు అటు వెళ్తున్నాడు.

ఏంటిరా చిన్నోడా, చెయ్యెత్తావు?

…కిందటివారమే సీసా పగిలిపోతే, నిన్న అటునుంచి వచ్చిన పాలవాడు మొన్న సాయంత్రం రెండు గొంతులూ విన్నానన్నాడు కదా, అదెలా అంటావా?

ఊఁ. నువ్వు వినడం లేదనుకున్నాను.

గాలికి ఇంకేదో సందు దొరికి ఉంటుంది. ఏ తలుపు కిందో, ఏ పైపులోనో. తప్పకుండా ఏదో ఒకటి ఉంటుంది. చూడకుండా చెప్పకూడదు.

అక్కని అడిగాను, నిన్న రాత్రే. సీసా లేదుగా, ఎవరితో పోట్లాడావూ అని. "నీకు పనేం లేదా? సీసా తొందరగా పంపు, ఆయన గొంతు మరీ నీరసంగా ఉంది" అని పెట్టేసింది.

సరే, లేవండి. కాగితం నానింది, జిగురు ఇంకా వదల్లేదు. ఎండిపోకముందే గీకెయ్యాలి.

పెద్దదానా, ఆ కిటికీ వేసెయ్. గాలి లేస్తోంది.